పదకొండు కడుపు నొప్పులు

ఆమె చేసిన తప్పుకు ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆ తప్పును దిద్దుకోబోయినందుకు మాత్రం పందొమ్మిదేళ్ల ఉద్యోగంలోంచి ఒక్క పూటలో తీసేశారు. ఉత్తర్వులో ఉన్నవి నాలుగు వాక్యాలు. రెండవది ఇది: "విద్యార్థినులతో అసభ్య పదజాలం ఉపయోగించి పాఠశాల గౌరవానికి భంగం కలిగించినందున మిమ్మల్ని తక్షణం విధుల నుంచి తొలగించడమైనది." ఆ అసభ్య పదం ఏమిటో నాలుగు వాక్యాలలో ఎక్కడా లేదు. దాన్ని రాయడానికి విచారణ బల్ల చుట్టూ కూర్చున్న తొమ్మిది మందిలో ఒక్కరికీ చెయ్యి రాలేదు.

ఆమె ఆ బడిలో ఆయా. పిల్లలకు టింక్చరమ్మ. మోకాలు చెక్కుకుపోయినా, పెన్సిలు మొన గుచ్చుకున్నా, ఆఖరికి తలనొప్పి అన్నా ముందుగా దూదీ టింక్చరు సీసా తీస్తుంది కాబట్టి ఆ పేరు.

"టింక్చరమ్మా, లెక్కల పరీక్షంటే భయంగా ఉంది. దానికీ పూస్తావా?" అని ఆటపట్టించేవారు పిల్లలు.

"నాలుక చాపు, పూస్తాను. రేపటిదాకా మాట రాదు. మీ మాస్టారికీ నాకూ ప్రాణం హాయి" అనేది ఆమె.

ఆమె గది మేడమెట్ల కింద. కప్పు ఏటవాలుగా ఉంటుంది గనుక పొడుగుపిల్లలు తల వంచి లోపలికి రావాలి. ఒక ఇనుపమంచం, చిరిగిన రెక్సిన్ పరుపు, అంచులు పెచ్చులూడిన ఎనామెల్ పళ్లెం, గోడమేకుకు దారంతో కట్టిన పెన్ను, ఆ పెన్ను కింద రిజిస్టరు. రిజిస్టరులో అయిదు గళ్లు: తేదీ, తరగతి, పేరు, బాధ, చేసిన వైద్యం.

ఉద్యోగంలో చేరిన రోజే హెడ్మిస్ట్రెస్ నాలుగో గడి మీద వేలు ఆనించి చెప్పింది. "ఇది ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లే పుస్తకం. ఆడపిల్లలన్నాక ఏవేవో ఉంటాయి. అవన్నీ ఇందులోకి ఎక్కించకు. కడుపు నొప్పి అని రాసెయ్యి."

"అన్నిటికీనా మేడమ్?"

"మెడ దగ్గర్నుంచి మోకాళ్లదాకా అన్నిటికీ."

అంతకుముందు తొమ్మిదేళ్లు ఆమె ఒక ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసింది. వేల కాన్పుల దగ్గర వేన్నీళ్ల గిన్నె పట్టుకుని నిలబడిన మనిషి. ఆడదాని శరీరం గురించి ఆమెకు తెలియనిది ఆ బడిలో ఎవరికీ తెలియదు. అయినా తెలిసినది చెప్పకపోవడమే అక్కడ ఆమె ఉద్యోగ ధర్మమైంది. పందొమ్మిదేళ్లలో ఏడు రిజిస్టర్లు నిండాయి. ఏడింటిలోనూ నెలసరి అనే మాట ఒక్కచోటా లేదు.

ఇక ఆ పిల్ల. ఎనిమిదో తరగతి. సన్నగా, కుదురు లేకుండా, ఒకచోట వాలి మరుక్షణం ఇంకోచోట కనిపిస్తుంది కాబట్టి తోటివాళ్లు తూనీగ అనేవారు. తల్లి బట్టలు కుడుతుంది. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు కుట్టుమిషను చుట్టూ కూర్చుని మాట్లాడుకోని సంగతి ఉండేది కాదు. తూనీగ గుమ్మంలో కనబడిందా, అందరూ ఒక్కసారిగా ఎండల గురించి మాట్లాడేవారు.

కూతురు పెద్దదైన రోజున తల్లి పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని ఉంది. ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చుతూ, కూతురి ముఖంలోకి చూడకుండా, చెప్పవలసినదంతా చెప్పేసింది.

"నెలనెలా వస్తుంది. ప్యాడ్లు బీరువాలో పెట్టాను. ఇక నుంచి మగపిల్లలకు దూరంగా మసలుకో. ముట్టుకున్నారంటే కడుపొస్తుంది."

"ఎలా వస్తుందమ్మా?"

"ఎలా ఏమిటే? వస్తుందంతే. మిగతాది బళ్లో చెప్తారులే."

ఆ మాట అన్నాక మూడో నెలలో జీవశాస్త్రం మాస్టారు అయిదో పాఠం చెప్పాడు. గుండె, రక్తప్రసరణ. మంచి మాస్టారే. పాఠం ఊరికే చదివించడం ఆయనకు గిట్టదు. హాజరు నంబర్ల ప్రకారం ఇద్దరిద్దరిని జతచేసి, ఒకరి నాడి ఒకరు పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టమన్నాడు. తూనీగది ఇరవై మూడు. ఇరవై నాలుగో నంబరు ఒక కళ్లజోడు కుర్రాడు. వాడు గడియారం చూస్తూ ఆమె మణికట్టు సరిగ్గా ఒక నిమిషం పట్టుకున్నాడు. "సార్, దీనికి నూట ముప్పై!" అని అరిచాడు. క్లాసంతా నవ్వింది. తూనీగ చేతిని ఒళ్లోకి లాక్కుని సాయంత్రందాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మరుసటి నెల ఆమెకు నెలసరి రాలేదు. మొదటి సంవత్సరంలో అలా తప్పుతూ ఉండడం సహజమని ఆమెతో అన్నవారు లేరు.

ఆ పిల్ల తెలివితక్కువది కాదు. అదే పుస్తకంలో ఏడో పాఠం ఉంది: ప్రత్యుత్పత్తి. మాస్టారు చెప్పేదాకా ఆగలేక తానే చదువుకుంది. "రెండు కణాలు కలిసి పిండం ఏర్పడును" అని ఉంది. ఎక్కడ కలుస్తాయో, ఎలా కలుస్తాయో ఆ పేజీలో లేదు. కానీ మొదటి పాఠంలో "చర్మము కణాలతో నిర్మితమైనది" అని ఉంది. ఆమె నోటుపుస్తకం చివరి అట్టలోపల ఈ రెండు వాక్యాలు ఒకదాని కింద ఒకటి రాసుకుని, కింద గీత గీసి, కూడిక లెక్కలా "24" అని వేసింది. అంతా అయ్యాక ఆ అట్ట చింపి తల్లి భద్రంగా దాచింది. చదివినవారెవరికీ ఆ తర్కంలో దోషం పట్టుకోవడం అంత తేలిక కాదు. దోషం ఆ పిల్లకు ఇవ్వని వాక్యంలో ఉంది.

ఏడో పాఠం రోజు రానే వచ్చింది. తూనీగ మొదటి బెంచీలో కూర్చుంది. మాస్టారు పుస్తకం తెరిచి, మూసి, "ఇది మీరు ఇంట్లో చదువుకోండి. పరీక్షకు రాదు" అన్నాడు.

"వస్తేనో సార్?" అంది వెనకబెంచీ.

"వస్తే వదిలెయ్యండి. ఆరో పాఠంలోవి రెండు ఎక్కువ రాయండి."

కిసుక్కుమని నవ్వులు. ఆయన చెమట తుడుచుకుని, ఆ చేత్తోనే నల్లబల్ల కూడా తుడిచాడు. దాని మీద అప్పటికి ఏమీ రాసి లేదు.

ఇల్లు బడి మీదికి తోసింది. బడి ఇంటి మీదికి తోసింది. మధ్యలో మిగిలింది మెట్ల కింద గది.

తూనీగ అక్కడికి ఆరు వారాలలో పదకొండుసార్లు వెళ్లింది. వికారం, కళ్లు తిరగడం, వణుకు. భయం ఎన్ని రూపాలు ఎత్తగలదో అన్నీ ఎత్తింది. నాలుగో గడిలో పదకొండుసార్లూ కడుపు నొప్పి అనే పడింది. నాలుగోసారి వెళ్లినప్పుడు మంచం మీద మడమ బెణికిన పిల్ల ఒకతె పడుకుని ఉంది. ఆమె వినకుండా అడగాలని తూనీగ గొంతు తగ్గించింది.

"ఆయమ్మా, కడుపులో ఉన్నది పోవాలంటే ఏం చెయ్యాలి?"

టింక్చరమ్మ దూది ఉండలు చుడుతోంది. "ఎన్నాళ్లయింది?"

"నెల దాటింది."

"నెలా! నెలరోజులు కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావటే? అమ్మతో చెప్పావా?"

"చెప్తే చంపేస్తుంది."

మంచం మీది పిల్ల పకపకా నవ్వింది. "అమ్మ బాబోయ్! రేపట్నుంచి నా పక్కన కూర్చోకే తల్లీ!"

"నోరుముయ్యవే కుంటిదానా" అని ఆమెను కసిరి, టింక్చరమ్మ తూనీగ వైపు తిరిగింది. "దీనికే చంపేస్తారా పిచ్చిమొహమా? రాత్రి పడుకోబోయే ముందు ఆముదం తాగు. ఊడ్చిపెట్టుకు పోతుంది."

"అంతా పోతుందా?"

"అంతా పోతుంది. పోయేదాకా తాగు."

కడుపు నిండడం, కడుపు పండడం, కడుపు రావడం, కడుపు పోవడం, కడుపుకోత. ఇన్నిటికీ ఒక్క మాటనే వాడుకునే భాష మనది. పెద్దలకు ఆ మాట ఎప్పుడు ఏ అర్థంలో దొర్లుతుందో తెలుసు. పదమూడేళ్ల పిల్లకు తెలియాలంటే మిగతా మాటలు ఎవరో ఇచ్చి ఉండాలి. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఒకరు మలబద్ధకం గురించి, ఒకరు బిడ్డ గురించి మాట్లాడుకుని, ఇద్దరూ అర్థమైందనే అనుకుని విడిపోయారు.

తూనీగ పోయేదాకా తాగింది. పొద్దునా రాత్రీ తాగింది. కడుపు ఎత్తుగా కనబడకూడదని తినడం మానేసింది. తల్లి అడిగితే బళ్లో తిన్నానంది. బళ్లో అడిగితే ఇంట్లో తిన్నానంది. ఇక్కడ కూడా ఇల్లూ బడీ ఒకరిని ఒకరు వాకబు చేసుకోలేదు. టింక్చరమ్మ ఒకసారి గడ్డం పట్టుకుని చూసి, "చెంపలు పీక్కుపోయాయేమే? పోయిందా?" అని అడిగింది. "ఏమో ఆయమ్మా, తెలియడం లేదు" అంది ఆ పిల్ల. "అయితే ఇంకో రెండ్రోజులు" అంది ఆమె. ఆ మాటను ఆమె తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు.

ఒకరోజు రెండో గంట కొట్టిన కాసేపటికి ఆమె గది కప్పు మీద దడదడమని చప్పుడైంది. ఎవరో పుస్తకాల సంచీ జారవిడిచారనుకుంది. సంచీతో పాటు పిల్ల కూడా దొర్లింది.

ఆసుపత్రిలో డాక్టరు ఒంట్లో నీరు లేదన్నాడు, లవణాలు లేవన్నాడు, మూత్రపిండాలు పనిచేయడం మానేశాయన్నాడు. రెండోరోజు మధ్యాహ్నం తల్లి మందుల కోసం కిందికి వెళ్లింది. మంచం పక్కన టింక్చరమ్మ ఒక్కతే ఉంది. తూనీగ కళ్లు తెరిచింది.

"ఆయమ్మా, పోయిందా?"

"ఏం పోయిందా తల్లీ?"

"బిడ్డ."

టింక్చరమ్మ చేతిలోని విసనకర్ర ఆగిపోయింది. ముందుకు వంగి అడిగింది. "ఎవరమ్మా? నిన్ను ఎవరైనా ఏమైనా చేశారా?"

"ఇరవై నాలుగో నంబరు. నాడి చూశాడు. నిమిషం పట్టుకున్నాడు."

ప్రసూతి ఆసుపత్రి వదిలాక టింక్చరమ్మ మళ్లీ అప్పుడే ఆ మాటలు నోట పలికింది. గర్భాశయం అంటే ఏమిటో, ఎంత ఉంటుందో చెప్పింది. నెలసరి ఎందుకు వస్తుందో, మొదట్లో ఎందుకు దాటవేస్తుందో చెప్పింది. బిడ్డ దేనివల్ల వస్తుందో, చెయ్యి పట్టుకుంటే ఎందుకు రాదో, ఎవరైనా తప్పుగా చెయ్యి వేస్తే వెంటనే ఎవరితో చెప్పుకోవాలో, అలాంటప్పుడు తప్పు పిల్లది ఎందుకు కాదో కూడా చెప్పింది. మొదలుపెట్టినప్పుడు సెలైన్ సీసా నిండుగా ఉంది. ముగించేసరికి రెండంగుళాలు దిగింది.

"ఇంతేనా ఆయమ్మా?"

"ఇంతే బంగారూ."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

ఆ పిల్ల మర్నాడు పొద్దున పోయింది.

బడి నోటీసు బోర్డు మీద "తీవ్రమైన కడుపు నొప్పితో స్వర్గస్థురాలైన" అని రాశారు. రెండు నిమిషాలు మౌనం పాటించారు. మౌనం పాటించడంలో ఆ బడికి అప్పటికే మంచి అలవాటుంది.

టింక్చరమ్మ రిజిస్టరు పట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆముదం సంగతీ చెప్పింది. "నా మీద ఏం చర్య తీసుకున్నా తీసుకోండి మేడమ్. ఈ పదకొండు చోట్లా ఏం జరిగిందో మాత్రం రాద్దాం. మళ్లీ ఇంకో పిల్ల రాకుండా."

హెడ్మిస్ట్రెస్ రిజిస్టరు మూసి, మెత్తగా అంది. "ఆముదం ఎవరైనా చెప్తారు. నీ తప్పేముంది? దీన్ని కెలికితే ఆ తల్లి పరువు పోతుంది, మన పరువు పోతుంది. కడుపు నొప్పి అనే ఉండనీ."

ఆమెను శిక్షించి ఉంటే బహుశా ఆమె తిరిగి వెళ్లి దూది ఉండలు చుట్టుకునేది. క్షమించేశారు. ఆ క్షమ ఆమెకు మింగుడు పడలేదు.

మరునాటి నుంచి నాలుగో గడిలో ఆమె ఉన్నది ఉన్నట్టు రాయడం మొదలుపెట్టింది. గదికి వచ్చిన ప్రతి ఆడపిల్లకూ, రెండంగుళాల సెలైన్ దిగేంత సేపు, ఆ మాటలన్నీ చెప్పేది. మొదట ఒక్కొక్కరే వచ్చారు. తర్వాత లేని నొప్పులు తెచ్చుకుని ముగ్గురేసి వచ్చారు. "నాకేం నొప్పి లేదు టింక్చరమ్మా, అడగాలని వచ్చాను" అని ఒక పిల్ల నిజం ఒప్పుకుంది. తొమ్మిదో తరగతిది ఒకతె, కుర్రాళ్లు కూర్చున్న బెంచీ మీద కూర్చుంటే ప్రమాదమేమో అని రెండేళ్లుగా నిలబడే పరీక్షలు రాస్తోంది. కాళ్ల నొప్పులని ఇంట్లో టానిక్కు పట్టించారట. విని టింక్చరమ్మ నవ్వలేదు. ఆ గదిలో అంతకుముందు వినబడిన ఒక్క నవ్వు ఆమెకు చాలింది.

ఈ సంగతి బయటపడింది అన్నం కంచం దగ్గర. పాఠశాల కమిటీ అధ్యక్షుడి కూతురు, "నాన్నా, గర్భాశయం పిడికిలంత ఉంటుందట, తెలుసా?" అంది. నాయనమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది. మూడోనాటికి సమావేశం పెట్టారు. కమిటీ వారు, హెడ్మిస్ట్రెస్, జీవశాస్త్రం మాస్టారు అందరూ కలిసి తొమ్మిది మంది. కిటికీల దగ్గర తల్లిదండ్రులు.

"ఏమ్మా, నువ్వు నర్సువా, డాక్టరువా? టింక్చరు పూసుకునేదానికి నీకెందుకీ పురాణాలు?" అన్నాడు అధ్యక్షుడు.

"మాస్టారు చెప్పరు. అమ్మలు చెప్పరు. మగపిల్లల మరుగుదొడ్ల గోడలు చెప్తున్నాయి సార్, బొమ్మలతో సహా. వాటికన్నా నేను నయం కదా?"

కిటికీ దగ్గర ఎవరో నవ్వబోయి దగ్గులోకి మార్చుకున్నారు.

"చూశారా, ఎంత నోరో!" అంది ఒక తల్లి. "మా పిల్ల నన్నే అడుగుతోంది, నీకెప్పుడు వచ్చిందమ్మా అని. తలెత్తుకోలేకపోతున్నాం."

"మీరేమంటారు మాస్టారూ?" అని అడిగారు. ఆయన నీళ్లు నమిలాడు. "సిలబస్‌లో ఉన్నమాట నిజమే... కానీ సందర్భం..." అని ఆగి, మళ్లీ మొదలుపెట్టలేదు.

అప్పుడు గుమ్మంలో తూనీగ తల్లి కనబడింది. ఆమెను ఎవరూ పిలవలేదు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. కుట్టు మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది.

"ఆమెను ఏమీ అనకండి. ముట్టుకుంటే కడుపొస్తుందని చెప్పింది నేను" అంది. "మా అమ్మ నాకు అదే చెప్పింది. నాకు పెళ్లయ్యేదాకా అదే తెలుసు. నేను బతికి బట్టకట్టాను కదా అని దానికీ అదే చెప్పాను. ఆ చివరి రోజు ఈ అక్క చెప్పిందట. నా కూతురు భయం లేకుండా పోయింది. అంతమట్టుకైనా ఈమె చేసింది. నేనూ మీరూ ఏం చేశాం?"

బడి గుమస్తా ముందే టైపు చేసి ఉంచిన కాగితాన్ని టింక్చరమ్మ ముందుకు జరిపాడు. క్షమాపణ పత్రం. "నేను విద్యార్థినులతో అసభ్య పదాలు పలికినందుకు చింతిస్తున్నాను. ఇకపై పలకను." సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. ఇంట్లో మంచాన పడిన భర్త, ఇంకా చదువుతున్న కొడుకు ఉన్న మనిషి. బల్ల చుట్టూ ఉన్న వాళ్లకు ఆ సంగతి తెలుసు. తెలిసే జరిపారు.

ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివింది. పెన్ను అందుకుంది.

"ఏ పదమో ఇందులో రాయండి సార్. ఏ పదం అసభ్యమో పేరు పెట్టి రాయండి. మీ చేత్తో రాసి ఇస్తే ఇప్పుడే సంతకం పెడతాను."

గుమస్తా అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు హెడ్మిస్ట్రెస్ వైపు చూశాడు. ఆమె మాస్టారి వైపు చూసింది. మాస్టారి చేతిలో ఎనిమిదో తరగతి పుస్తకం ఉంది. నూట పన్నెండో పేజీలో ఆ పదం అచ్చులో ఉంది, దాని కింద బొమ్మ కూడా ఉంది. ఆయన పుస్తకాన్ని బోర్లా పెట్టాడు. కాగితం మీద పదాలు అనే మాట పైన ఉన్న ఖాళీ అలాగే మిగిలింది.

ఆ సాయంత్రం తొలగింపు ఉత్తర్వు ఇచ్చారు. మెట్ల కింద గది తాళంచెవి తీసుకున్నారు. దానికి ముందే ఆమె పదకొండు తేదీలూ ఒక తెల్లకాగితం మీద ఎక్కించుకుని, ప్రతి తేదీ పక్కనా నాలుగో గడిలో పడవలసిన మాట రాసుకుంది: భయం. పదకొండుసార్లు. కొత్త ఆయా వచ్చింది. ఆమెకు కూడా నాలుగో గడి మీద వేలు పెట్టి చూపించారు. ఏడో పాఠాన్ని ఈ ఏడు కూడా ఇంట్లో చదువుకోమన్నారు.

కమిటీ పెద్దలారా, హెడ్మిస్ట్రెస్ గారూ, మాస్టారూ, కిటికీ దగ్గర నిలబడిన తల్లులారా తండ్రులారా: ఆ క్షమాపణ పత్రం ఇంకా మీ ఫైలులోనే ఉంది. దాన్ని బయటికి తీయండి. ఆ ఖాళీలో ఆ పదం మీ చేత్తో రాయండి, రాసినదాన్ని పైకి చదవండి. అది పలకడానికి మీకు సిగ్గేస్తే ఆమె ఉద్యోగం ఆమెకు ఇచ్చి, మెట్ల కింద గది తలుపు తెరవండి. సిగ్గు వేయకపోతే రేపు మొదటి గంటలోనే, ఆడపిల్లలనూ మగపిల్లలనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏడో పాఠం చెప్పండి.